టీబీ పేషెంట్ మందులకు రాకపోతే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది ఇదీ. కనిగిరి వైపు ఒక విలేజ్ క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్‌గా కొత్తగా చేరారు. మీ పరిధిలో టీబీ మందులు వాడుతున్నవాళ్లలో ముగ్గురు ఈ నెల మందులకు రాలేదు. ఒకాయన ఫోన్ స్విచాఫ్. ఒకావిడ ఇంటికి ఆశా వెళ్తే అత్తగారు గుమ్మంలోనే "అలాంటోళ్లు ఇక్కడెవరూ లేరు" అని పంపించేసింది. మూడో ఆయన తాగి ఉన్నాడు, "నేను బాగానే ఉన్నా, మీ మందులు మీరే మింగండి" అన్నాడు. పైనుంచి రోజూ ఫోన్లు, మీకేమో టెన్షన్.

నేను ప్రకాశం, నెల్లూరు జిల్లాల టీబీ యూనిట్లలో ఎస్‌టీఎస్‌గా, అంటే సీనియర్ ట్రీట్‌మెంట్ సూపర్‌వైజర్‌గా పనిచేసి రిటైరయ్యాను. వారానికి మూడు రోజులు మందులేసే పాత డాట్స్ కాలంలోనూ, 2017లో రోజువారీ మందుల పద్ధతి వచ్చాకా ఇదే పని మీద బండేసుకుని తిరిగాను. అందుకని వివరంగా రాస్తున్నాను. మందు ఆపడం, మార్చడం, మోతాదు తేల్చడం మెడికల్ ఆఫీసర్ పని. నేను చెప్పేదంతా మనిషిని తిరిగి ఆయన ముందుకు తీసుకురావడం గురించే.

ముందు వరస చూసుకోండి. మూడిళ్లకూ ఒకే రోజు పోలేరు. మందులు మొదలుపెట్టి రెండు నెలలు దాటనివాళ్లు, గళ్ల పరీక్షలో క్రిములు కనబడ్డవాళ్లు, హెచ్‌ఐవీ గానీ షుగర్ గానీ ఉన్నవాళ్లు, గతంలో ఒకసారి వాడి మధ్యలో మానేసినవాళ్లు, ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్లు. వీళ్లలో ఎవరున్నా ఆ ఇల్లే ముందు. లిస్టులో పైన ఉన్న పేరనో, రోడ్డు పక్క ఇల్లనో చూసుకుని బయల్దేరితే సులువైన ఇళ్లు అయిపోతాయి, అసలు మనిషి మిగిలిపోతాడు.

రోజుల లెక్క ఎందుకంటే, మన ప్రోగ్రామ్‌లో వరసగా ఒక నెల మందులు ఆగిపోతే ఆ మనిషిని ‘లాస్ట్ టు ఫాలో అప్’ అని రాస్తారు. పాత రోజుల్లో డిఫాల్టర్ అనేవాళ్లం. ఆ మాట పోవడమే మంచిదైంది, దొంగను పట్టుకున్నట్టు ఉండేది. నెల దాటకముందు దొరికితే తప్పిన మోతాదులు పూర్తి చేయించి కోర్సు కొనసాగిస్తారు. దాటాక దొరికితే మళ్లీ గళ్ల తీసి, ట్రూనాట్‌లోనో సీబీనాట్‌లోనో, అంటే త్వరగా ఫలితమిచ్చే టీబీ పరీక్ష మిషన్లలో, ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్‌కు క్రిమి లొంగుతోందో లేదో చూసుకుని గానీ డాక్టరు ముందుకు పోరు. అంటే పేషెంటుకు ఇంకో తిరుగుడు, ఇంకో రెండు కూలి రోజులు. అందుకే నెలాఖరు రిపోర్టు దగ్గరపడ్డాక వెతకడం కాదు, తేదీ తప్పిన మర్నాడు ఫోను, మూడో రోజుకల్లా ఇల్లు అని మీకు మీరే ఒక కట్టుబాటు పెట్టుకోండి.

ఇంటికి బయల్దేరే ముందు ఒక పని ఉంది, చాలామంది దాన్ని దాటేస్తారు. ఆ మనిషి నిజంగా రాలేదా అని మీ వైపు కనుక్కోండి. ఫార్మసీలో అడగండి. వచ్చి, స్టాకు లేదనో, ఫార్మసిస్టు మీటింగుకు పోయాడనో "రేపు రా" అనిపించుకుని వెళ్లిపోయాడేమో. నాలుగు మైళ్ల అవతల నుంచి వచ్చిన మనిషి రెండోసారి "రేపు రా" వింటే మూడోసారి రాడు. టీబీ పేషెంట్ల వివరాలుండే ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టరు నిక్షయ్‌లో ఆయన ఐడీ తీసి చూడండి, ఇంకో ఊళ్లో మందులు తీసుకుంటూ ఉండొచ్చు. ఒంగోల్లో ప్రైవేటు డాక్టరు దగ్గరికి మారి ఉండొచ్చు. ఒక్కోసారి మనిషే పోయుంటాడు, మనం మాత్రం "మందులకెందుకు రాలేదు" అని ఆ ఇంటికి ఫోన్ చేస్తాం. అలాంటి ఫోన్ ఒక్కటి చేస్తే ఆ వీధిలో ఇంకెవరూ మనతో మాట్లాడరు.

ఇప్పుడు మీ మొదటి ఆయన, ఫోన్ స్విచాఫ్. మన పడమటి మండలాల్లో నంబరు కలవకపోతే ఎక్కువసార్లు కారణం రెండింట్లో ఒకటి. రీచార్జ్ అయిపోయి ఇన్‌కమింగ్ కూడా ఆగిపోవడం, లేదా మనిషి పనికి వలసపోయి అక్కడి సిమ్ వేసుకోవడం. కనిగిరి, పామూరు, మార్కాపురం, యర్రగొండపాలెం వైపు వానల్లేని ఏడు బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు పోతారు. సంక్రాంతి దాటిందంటే గుంటూరు వైపు మిరపకోతలకు ముఠాలు కదులుతాయి. చంటిబిడ్డలతో సహా ఇంటిల్లిపాదీ పోయి అక్కడే చేలో డేరా వేసుకుంటారు. మందుల కోసం మధ్యలో తిరిగి రమ్మంటే ఎవరొస్తారు? రానుపోను ఖర్చు, పోయిన కూలి, పైగా మేస్త్రీ దగ్గర మాట.

వలసపోయినవాణ్ని వెతికేటప్పుడు ఇంటివాళ్లకంటే మేస్త్రీ నంబరే ఎక్కువ పనికొస్తుంది. కానీ మేస్త్రీకి జబ్బు సంగతి చెప్పకూడదు. చెప్తే పని పోతుంది. "హెల్త్ సెంటర్ నుంచి మాట్లాడుతున్నాం, ఆయనతో ఒక మాట మాట్లాడాలి, ఫోనిస్తారా" అంటే చాలు. ఆయన లైన్లోకి వచ్చాక అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎందుకు రాలేదు" కాదు. "ఇంకా ఎన్ని మాత్రలున్నాయి?" అని అడగండి. జవాబు అంకెల్లో వస్తుంది, సంజాయిషీ చెప్పుకోవాల్సిన పని ఉండదు. తర్వాత ఎక్కడున్నాడో, దగ్గర్లో ఏ ప్రభుత్వాసుపత్రి ఉందో తెలుసుకుని నిక్షయ్‌లో ట్రాన్స్‌ఫర్ పెట్టించండి. దేశంలో ఎక్కడికి మారినా ఆ ఐడీ మీదే ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితంగా ఇస్తారు, ఈ సంగతి చాలామంది పేషెంట్లకు తెలియదు. ట్రాన్స్‌ఫర్ పెట్టి వదిలేయకండి. అవతలి టీబీ యూనిట్ వాళ్లకు మీరే ఫోన్ చేసి, మనిషి వెళ్లి మందులు చేతిలోకి తీసుకున్నాడని విన్నాకే మీ పుస్తకంలో టిక్ పెట్టండి. అటు చేరక, ఇటు లేక మధ్యలో జారిపోయేవాళ్లు ఇక్కడే ఎక్కువ. పేషెంటు తానే అడగాలనుకుంటే నిక్షయ్ సంపర్క్ టోల్‌ఫ్రీ నంబరు ఉంది, 1800-11-6666. మాత్రల అట్టపెట్టె మీద పెన్నుతో రాసివ్వండి.

ఇదంతా చెప్పాక అసలు మాట. ఈ వెతుకులాటలో ముప్పాతిక పని మందులు మొదలుపెట్టిన రోజే అయిపోవాలి. ఆ రోజు మనం ఆధార్ కార్డులోని అడ్రసు దించుకుంటాం, ఒక ఫోన్ నంబరు రాసుకుంటాం, అయిపోయిందంటాం. ఆధార్‌లో ఉండేది పదేళ్ల కిందటి ఇల్లు. మీరు కూర్చోబెట్టి అడగాల్సినవి వేరు. ఈ ఫోన్ ఎవరిది, కలవకపోతే ఇంకెవరికి చేయొచ్చు, ఆ రెండో మనిషికి జబ్బు సంగతి తెలుసా? సంక్రాంతి తర్వాత ఎక్కడుంటారు? మిరపకోతలకు పోతారా, పొగాకు బ్యారన్ పనికి పోతారా? ఇంటికి మేమొస్తే ఫరవాలేదా, వద్దంటే ఎక్కడ కలుద్దాం? గతంలో టీబీ మందులు వాడారా, ఎందుకు ఆపారు? తాగుతారా, రోజూనా, సాయంత్రమా? ఇంటి గుర్తు ఏంటి, ‘వాటర్ ట్యాంకు పక్క సందు, వేపచెట్టు ఇల్లు’ లాంటిది. అరగంట పడుతుంది. ఓపీలో జనం గోల పెడతారు. అయినా ఆ అరగంట ఇవ్వండి, తర్వాత అదే మనిషి కోసం మూడు మండలాలు తిరగకుండా ఉంటారు.

నెల్లూరు తీరం వైపు పనిచేసినప్పుడు ఇది ఇంకా బాగా తెలిసేది. రొయ్యల గుంటల మీద కాపలా ఉండే యానాది కుటుంబాలకు డోర్ నంబరు ఉండదు. రొయ్యల పట్టుబడి అయిపోతే ఇంకో ఆసామి గుంట మీదికి మారిపోతారు. అడ్రసు కింద ఊరి పేరు రాసుకుంటే ఏం లాభం? ఆసామి ఎవరు, అన్నదమ్ములు ఏ గుంటల కాడ ఉన్నారు, సరుకులు ఏ కొట్లో ఖాతా మీద తెచ్చుకుంటారు, ఇవి రాసుకోవాలి. ఆధార్, బ్యాంకు ఖాతా లేక, ప్రభుత్వం టీబీ పేషెంట్లకు ఇచ్చే పోషణ డబ్బు రానివాళ్లు కూడా వీళ్లలో ఎక్కువగా కనిపించేవారు. ఆ పని చేసిపెడితే మనిషి మనల్ని వెతుక్కుంటూ వస్తాడు.

రెండో ఆవిడ సంగతి జాగ్రత్త. "అలాంటోళ్లు ఎవరూ లేరు" అని అత్తగారు అన్నదంటే జబ్బు సంగతి వీధికి తెలియకూడదన్న భయం ఉంది, లేదా కోడల్ని పుట్టింటికి పంపేశారు. రెండూ కావచ్చు. ఆశా మళ్లీ అదే గుమ్మానికి పోవడం వల్ల ప్రయోజనం లేదు. ఆశా అదే వీధి మనిషి, ఆవిడ పుస్తకం పట్టుకుని వచ్చిందంటే పక్కింటివాళ్లు ఏ రిజిస్టరో ఊహించేస్తారు. నేను డిపార్ట్‌మెంటు బోర్డున్న జీపును వీధి మొదట్లోనే ఆపించేవాణ్ని. ఆడవాళ్ల విషయంలో మీలాంటివాళ్లకు ఒక వీలుంది. బీపీ, షుగర్ చూసే రోజున ఆ వీధిలో నాలుగిళ్లు నిజంగానే చూస్తూ ఆ ఇంటికీ వెళ్లండి. అత్తగారి బీపీ చూడండి. టీబీ మాట ఎత్తొద్దు, కోడలి పేరు కూడా మీ అంతట మీరు ఎత్తొద్దు. రెండోసారి వెళ్లేసరికి అత్తగారే చెప్తుంది.

కోడలు ఒంటరిగా దొరికాక విషయాలు అడగండి. ఇంట్లో దాచి మింగుతోందా? మాత్రలు ఎక్కడ పెడుతోంది? మొగుడికి తెలుసా? రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుందని ముందే చెప్పారా? చెప్పకపోతే రక్తం పోతోందని హడలిపోయి ఆపేసినవాళ్లను చూశాను. గర్భం రాకుండా మాత్రలు వేసుకుంటోందా అన్నది తప్పకుండా అడగండి. రిఫాంపిసిన్ వాడుతుంటే ఆ మాత్రలు సరిగ్గా పనిచేయవు, వేరే పద్ధతి చూసుకోవాలి. ఇది మన కౌన్సెలింగ్‌లో ఎవరూ చెప్పరు. ఆవిడ గర్భంతో ఉంటే మందులు బిడ్డకు చెడు చేస్తాయని ఎవరో చెప్పి మాన్పించి ఉండొచ్చు. మామూలు టీబీ మాత్రలు గర్భిణులకూ ఇస్తారు, బిడ్డకు అసలు ప్రమాదం జబ్బు ముదరడం. ఈ మాట డాక్టరు నోట వినిపిస్తే నమ్ముతారు. మొగుణ్ణి కూడా తీసుకుని రమ్మనండి.

మూడో ఆయన, తాగేవాడు. ఇక్కడ మనవాళ్లు ఎక్కువమంది ఒకే మాట అంటారు: "తాగుడు మానెయ్, అప్పుడు మందులిస్తాం." ఆ షరతు పెట్టకండి. తాగుడు ఆరు నెలల్లో మానగలడో లేదో దేవుడికెరుక, టీబీ మాత్రం ఆరు నెలల్లో తగ్గించొచ్చు. తాగుడు, మాత్రలు రెండూ లివర్ మీదే పడతాయన్నది నిజం, ఆ సంగతి డాక్టరుకు చెప్పి లివర్ పరీక్ష చేయించండి. మానేందుకు సాయం కూడా చూడండి. కానీ మాత్ర ఆపొద్దు. ఆయన దగ్గరికి సాయంత్రం వెళ్తే జరిగేది మీరు చూశారు. పొద్దున ఆరింటికి, టీ బంకుకు బయల్దేరక ముందు వెళ్లండి. రోజూ మాత్ర మింగించే మనిషిగా పెళ్లాన్ని పెట్టకండి. ఆ ఇంట్లో రోజూ జరిగే గొడవకు ఇంకొకటి కలుస్తుంది. పొద్దునపూట ఆయన ఎవరి మాట కాదనడో కనుక్కోండి. టీ బంకు అతను కావచ్చు, పెద్ద కూతురు కావచ్చు. అయితే జబ్బు సంగతి ఆ మనిషికి చెప్పడానికి ముందు ఆయన ఒప్పుకోవాలి. కోర్సు పూర్తి చేయించిన సపోర్టర్‌కు ప్రోగ్రామ్ నుంచి గౌరవ వేతనం కూడా ఉంది, మామూలు టీబీకి 1,000 రూపాయలు.

"బాగానే ఉన్నా" అన్నాడు చూశారూ, అది తాగుడు మాట కాదు, నిజమే. మందులు పడ్డ నెల రోజులకల్లా జ్వరం పోతుంది, దగ్గు తగ్గుతుంది, అన్నం సయిస్తుంది. మొదటి రెండు నెలల్లో నాలుగు రకాల మందులు చురుగ్గా పెరిగే క్రిముల్ని చంపేస్తాయి, నిద్రపోయే క్రిములు మిగిలిపోతాయి, వాటి కోసమే తర్వాతి నాలుగు నెలలు మూడు రకాల మందులు. ఇది చెప్పేటప్పుడు నేను చేను కలుపు మాట వాడేవాణ్ని. పైన కోసేస్తే చేను శుభ్రంగా కనిపిస్తుంది, వేరు ఉంటే వానకు మళ్లీ లేస్తుంది. రైతుకు ఇంకేం చెప్పక్కర్లేదు. ఆ తర్వాత బరువు చూపించేవాణ్ని, మొదటి రోజుది, ఇవ్వాళ్టిది. బరువు పెరిగితే మాత్రల సంఖ్య కూడా మారొచ్చు కాబట్టి నెలనెలా తూయడం ఎలాగూ అవసరమే.

దీనికి తిరగబడ్డ కేసు ఒకటుంది. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో, మార్కాపురం పలకల పనిలో ఏళ్ల తరబడి రాతిదుమ్ము పీల్చినవాళ్లకు ఊపిరితిత్తులు ముందే దెబ్బతిని ఉంటాయి. సిలికోసిస్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం ఎక్కువ, టీబీ క్రిమి పోయినా ఆయాసం, దగ్గు మిగిలిపోతాయి. ఈ మనిషి "మందులు పనిచేయట్లేదు" అని ఆపేస్తాడు. ఆయనకు "తగ్గుతుంది తగ్గుతుంది" అని ఊరికే ధైర్యం చెప్తే మనమీద నమ్మకం పోతుంది. ఏది మందుతో తగ్గుతుందో, ఏది దుమ్ము వల్ల ఉండిపోతుందో విడదీసి చెప్పండి, గళ్ల రిపోర్టు చూపించండి, ఎక్స్‌రేకు పంపండి.

సైడ్ ఎఫెక్టులకు ఆపినవాళ్లను మాత్రం "ఏం కాదు, మింగు" అని బలవంతపెట్టకండి. మాత్రలేసుకుంటే వికారం, కీళ్లనొప్పులు అంటే చాలావరకు సర్దుబాటు చేయొచ్చు, వేళ మార్చడం, కాస్త తిన్నాక వేసుకోవడం డాక్టరును అడిగి చెప్పండి. అరికాళ్లు తిమ్మిరి అంటే పిరిడాక్సిన్ (బీ6 విటమిన్) ఇస్తున్నారో లేదో చూడండి. కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు, అన్నం చూస్తేనే వెగటు, చూపు మసకబారడం, రంగులు తేడాగా కనిపించడం, ఇవి ఉంటే ఆ రోజు మాత్ర మింగించకుండా నేరుగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. కామెర్లకు పసరు మందు తాగి వచ్చారా అని కూడా అడగండి, మనవైపు అది మామూలే. ఇంకొకటి, తప్పిన రోజులకని రెండు రోజుల మాత్రలు ఒకేసారి వేసుకోమని ఎవరూ చెప్పకుండా చూసుకోండి.

డబ్బు విషయం క్లుప్తంగా. నిక్షయ్ పోషణ్ యోజన 2018 ఏప్రిల్‌లో నెలకు 500తో మొదలైంది, 2024 నవంబర్ నుంచి 1,000 చేశారు. ఖాతాలోనే పడుతుంది. పడలేదంటే పేషెంటు ఆ కోపం మందుల మీద చూపిస్తాడు. ఖాతా నిద్రాణంగా ఉందో, ఆధార్ లింకు లేదో చూసి సరిచేయించండి. ఫలానా రోజుకి పడుతుందని మాత్రం మాటివ్వకండి. నిక్షయ్ మిత్ర కింద పోషకాహార కిట్ ఇచ్చే దాతలు మీ మండలంలో ఉంటే, మీ పేషెంట్ల పేర్లు వాళ్లకు చేరాయో లేదో కనుక్కోండి. పేషెంటు ఒప్పుకున్నాకే.

పల్లెల్లో ఆర్‌ఎంపీని శత్రువుగా చూడొద్దు. దగ్గు తిరగబెడితే పేషెంటు మొదట పోయేది ఆయన దగ్గరికే. ఆయన చేతిలో మీ నంబరు ఉంటే ఒక ఇంజెక్షన్ పొడిచి పంపేయకుండా మీకు ఒక ఫోన్ కొడతాడు.

మందులకు రాకపోతే రేషన్ కట్, పింఛన్ కట్, పోలీసులకు చెప్తాం అని కొందరు సిబ్బంది బెదిరిస్తారు, విన్నాను. అలాంటిదేమీ లేదు. 2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌లో శిక్ష మాట ఉంది, కానీ అది టీబీ కేసును ప్రభుత్వానికి తెలియజేయని డాక్టర్లకు, ఆసుపత్రులకు, ల్యాబులకు, మందుల షాపులకు. పేషెంటును బెదిరించడానికి కాదు. బెదిరిస్తే ఆ రోజు మాత్ర తీసుకుంటాడు, చెత్తకుప్పలో వేస్తాడు.

ముగ్గురిలో ఎవరింటికి వెళ్లినా మిగతావాళ్ల దగ్గు కూడా విని రండి. మందులు ఆగిన ఇంట్లో చిన్నపిల్లలుంటే వాళ్లను పరీక్షకు పంపాలి. జబ్బు లేదని తేలితే రాకుండా ఆపే మందు గురించి డాక్టరు చెప్తారు. కోర్సు అయిపోయినవాళ్లకు రెండేళ్ల దాకా ఆరు నెలలకోసారి చూడాల్సిన ఫాలో అప్ ఉంది. అందరూ మర్చిపోయేది అదే. పేషెంటూ, మనమూ. మీ డైరీలో ఆ తేదీలు ఇప్పుడే వేసుకోండి.

రేపు మొదట, పొద్దున ఆరింటికే, తాగుడున్న మూడో ఆయన ఇల్లు, అక్కణ్నుంచే మొదటి ఆయన మేస్త్రీకి ఫోను. రెండో ఆవిడ పుట్టింట్లో ఉందని తెలిస్తే అక్కడి ఏఎన్‌ఎంకు చెప్పేముందు ఆవిడనే అడగండి, ఎవరి ద్వారా మందులు తీసుకుంటారు, ఎక్కడ తీసుకుంటారు అని. ఆ ఊళ్లో వద్దు, నేనే కనిగిరి వచ్చి తీసుకుంటానంటే అలాగే కానివ్వండి. సంతరోజు రమ్మనండి.